తొమ్మిది గజాల తెల్లకోక వెంట: కొత్తవాడ నుంచి కేస్లాపూర్ దాకా

మాది వరంగల్ కొత్తవాడ. మా నాయన షత్రంజీలు నేస్తడు, అంటే దర్రీలు, 2018ల జీఐ ట్యాగు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తింపు, వచ్చిందని పేపర్ల ఫోటోలు వేసిన అవే, ట్యాగు వచ్చినంక కూలి పెరిగిందా అని మాత్రం మా నాయన్ను అడగకండి. చిన్నప్పటి సంది ఎవరి ఒంటి మీద బట్ట చూసినా ముందు అంచు చూస్త, తర్వాత మొఖం చూస్త, ఇది మా ఇంట్ల అందరికి ఉన్న రోగమే. అందుకే ఉట్నూర్ దిక్కు టీచర్‌గా చేస్తున్న మా ఫ్రెండ్ "ఈసారి నాగోబా జాతరకు రాయే, మెస్రం వాళ్ల తెల్లబట్టలు చూద్దువు" అని ఫోన్ చేస్తే ఇంకో మాట లేకుండ ఒప్పుకున్న. ఆదిలాబాద్ దిక్కు కేస్లాపూర్‌ల గోండుల మెస్రం వంశపోళ్లు నాగదేవునికి చేసే జాతర అది. గోండులు నేసుకునే బట్ట చూడాలె, వాళ్ల మగ్గం ఎట్లుంటదో చూడాలె, అయితే ఒక గజం కొనుక్కొచ్చి నాయన చేతిల పెట్టాలె, ఇదీ నా ప్లాను. ప్లాను మొత్తం తప్పని రెండో రోజే తేలిపోయింది, అది తర్వాత చెప్త.

మొదటి రోజు, శుక్రవారం

కనుమ అయిన తెల్లారి బయల్దేరిన. హన్మకొండ బస్టాండ్ల మనుషులంతా పండుగకు ఊరికొచ్చి తిరిగి పోయేటోళ్లే, దానికి తోడు మేడారం జాతర ఇంకో పది పన్నెండు రోజులే ఉన్నది, ముందే మొక్కులు తీర్చుకుందామని బెల్లం మూటలతోని ములుగు బస్సు కాడ నిలబడ్డోళ్లు ఇంకో గుంపు. మా అమ్మ కూడా "అందరు మేడారం పోతుంటే నువ్వు ఆ కొసకు పోతున్నవేందే" అని సాగనంపింది. కరీంనగర్ దాకా ఒక బస్సు, అక్కడ మారి ధర్మపురి మీదుగ రాయపట్నం బ్రిడ్జి దాటి లక్సెట్టిపేట. గోదావరి ఇసుక మేటలు తేలి సన్నగ పారుతున్నది.

ఈ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం. మెస్రం వంశపోళ్లు కేస్లాపూర్ నుంచి చెప్పుల్లేకుండ నడిచి గోదావరిల హస్తినమడుగు దాకా వచ్చి, ఝరిల, అంటే నీళ్లు తెచ్చే చెంబుల, నీళ్లు నింపుకొని మళ్ల అట్లనే నడుసుకుంట పోతరు. ఇంద్రవెల్లిల ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగి, పుష్య అమావాస్య రాత్రి దాకా అక్కడ్నే ఉంటరు. నేను బస్సుల కూసొని పల్లీలు తినుకుంట పోయిన తొవ్వ వాళ్లు కాలినడకన పోయిందే, ఆ ముచ్చట జన్నారం దాటినంక గుర్తుకొచ్చి పల్లీల పొట్లం సంచిల పెట్టిన.

జన్నారం దాటితే కవ్వాల్ అడవి. టేకు ఆకులు ఎర్రగ ఎండి రోడ్డు మీద చప్పుడు చేస్తున్నయ్. నా పక్క సీట్ల ఒక గోండు ముసలాయన, తెల్లధోతి, తెల్లఅంగి, తలకు రుమాలు. మా దిక్కు పట్నంల రుమాలు అంటే ఇప్పుడు జేబుల పెట్టుకునే చేతిగుడ్డ అయిపోయింది కానీ ఇక్కడ రుమాలు అంటే తలపాగనే. ఎంత పొడుగుంటదో చూద్దామని చుట్లు లెక్కపెట్టబోయిన, లోపలికి పోయిన చుట్టు ఎక్కడ మొదలైందో దొరకలే. ఆయన నా చూపు చూసి నవ్విండు. "ఏంది బాయి" అన్నడు. "ఏం లేదు తాతా, రుమాలు మంచిగుంది" అన్న. "గాలికి" అన్నడు. అంతే. చలిగాలికి అని నాకు సమజైంది, తర్వాత మా ఫ్రెండ్ అడిగితే ఎండకు కూడా, నెత్తి మీద మూటకు కూడా, బావి కాడ నీళ్లు తోడటానికి చేంతాడు చాలకపోతే కూడా అన్నది.

ఉట్నూర్ల దిగేసరికి చీకటి పడ్డది. చలి మామూలుగ లేదు, నేను తెచ్చుకున్న స్వెటర్ వరంగల్ చలికి సరిపోయేది, ఇక్కడ చాలలే.

రెండో రోజు, శనివారం

పొద్దున మా ఫ్రెండ్ స్కూటీ మీద జైనూర్, అక్కడ్నుంచి మార్లవాయి. తొవ్వ పొడుగున పత్తి చేన్లు, ఆఖరి ఏరుడు నడుస్తున్నది, చెట్లు ఎండి కర్రలైనయ్ కానీ అక్కడక్కడ తెల్లగ పింజలు ఏలాడుతున్నయ్. నేను బండి ఆపించి ఒక పింజ తెంపి లాగి చూసిన. పోగు మంచిగనే వచ్చింది. మా ఫ్రెండ్ నెత్తి కొట్టుకున్నది.

మార్లవాయి పేరు విననోళ్లకు: 1940ల కొమురం భీం జోడేఘాట్‌ల నిజాం పోలీసుల చేతిల చనిపోయినంక, అసలు ఈ గోండులు ఎందుకు తిరగబడ్డరు అని తెలుసుకునేటందుకు నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తను పెట్టుకున్నది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తోని వచ్చి ఈ ఊర్లనే గుడిసె వేసుకొని ఉన్నడు, గోండి నేర్చుకున్నడు, గోండు పిల్లలకు వాళ్ల భాషల చదువు చెప్పే టీచర్ల ట్రైనింగు ఇక్కడ్నే మొదలుపెట్టిండు. ఆమె 1987ల పోయింది, ఆయన 1995ల. ఇద్దరి సమాధులు ఊర్లనే ఉన్నయ్. ఊరోళ్లు ఇప్పటికి ఏటేటా జనవరిల వర్ధంతి చేస్తరు.

ఆయన తీసిన ఫోటోలు లండన్ల సోయాస్ యూనివర్సిటీ కాడ ఉన్నయ్, ఆన్‌లైన్ల చూడొచ్చు. నేను ముందే ఫోన్ల దింపుకొని పోయిన. మగవాళ్లకు ధోతి, రుమాలు, చెవులకు పోగులు. ఆడవాళ్లకు కాసె పోసి కట్టిన కోక, మెడ నిండ దండలు, చేతులకు కడియాలు. నేను వాటిని పెద్దగ చేసి చేసి ఏం వెతికిన్నంటే, ఏదన్న ఒక ఫోటో మూలకు మగ్గం కనపడుతదేమో అని.

మా ఫ్రెండ్‌కు తెలిసిన ఒక పెద్దమనిషి ఇంటికి పోయినం. డెబ్బై దాటి ఉంటయ్. రామ్ రామ్ అన్నడు, మేము కూడా రామ్ రామ్ అన్నం. చాయ్ వచ్చింది. నేను ఆగలేక అడిగేసిన, "తాతా, మీ బట్ట ఎవరు నేస్తరు? మగ్గం ఎవరింట్ల ఉన్నది?"

ఆయన మా ఫ్రెండ్ దిక్కు చూసిండు, ఈమె ఏం అడుగుతున్నది అన్నట్టు.

"మేమెప్పుడు నేసినం బాయి? మా తాత నేయలే, ఆయన తాత నేయలే. అంగడిల కొనుడే."

"మరి పాతకాలంల?"

"పాతకాలంల కూడ అంగడే. జొన్నలు పోసి బట్ట తెచ్చుకునేటోళ్లు. మేం దున్నుతం, మీరు నేస్తరు. మీ శాలోళ్ల పని మేం ఎందుకు చేస్తం?"

నా మొఖం చూసి మా ఫ్రెండ్ నవ్వు ఆపుకోలేకపోయింది. రెండు వందల కిలోమీటర్లు వచ్చింది మా శాలోళ్ల పని చూసేందుకా అని నాకే నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే కొంచెం సిగ్గు కూడా అయింది, ఆదివాసీలంటే అడవిల ఎవరికి సంబంధం లేకుండ బతికినట్టు, బట్ట కూడా వాళ్లే పుట్టించుకున్నట్టు నేను మనసుల ఒక బొమ్మ గీసుకొని పోయిన. వీళ్లు రాజ్ గోండులు, ఉట్నూర్ల కోట కట్టుకున్నోళ్లు, అటు చాందా పట్నం ఏలినోళ్లు. కొనుక్కునేటోళ్లే, అమ్ముకునేటోళ్లే. ఇప్పుడు ఈ తాత పండిస్తున్నది కూడా పత్తే. లారీ ఎక్కి ఆదిలాబాద్ యార్డుకు పోతది, ఆడికెంచి ఏడికి పోయి నూలైతదో, ఏడ బట్టైతదో, మళ్ల ఎన్ని చేతులు మారి ఇంద్రవెల్లి అంగడికి చేరుతదో.

తర్వాత గుస్సాడీ ముచ్చట తీసిన, దీపావళికి గోండులు వేషం కట్టి ఆడే ఆట అది. ఊరికి పోయినోళ్లంతా అడిగేదే అడిగిన, నెమలి ఈకల టోపీ ఒకసారి చూపిస్తరా తాతా, ఒక ఫోటో తీసుకుంట అని. గోండిల మల్ అంటే నెమలి, ఆ టోపీని మల్‌బూర అంటరు. మార్లవాయి అంటేనే గుస్సాడీ, ఈ ఊరి కనకరాజు గారికి గుస్సాడీ నేర్పినందుకే 2021ల పద్మశ్రీ వచ్చింది, 2024ల ఆయన చనిపోయిండు.

తాత లేవలే. "ఇప్పుడు కాదు" అన్నడు.

"లోపల ఉన్నదా?"

"ఉన్నది. ఇప్పుడు తియ్యం. దీపావళికి రా."

బతిమాలిన, జర దూరం నుంచి అన్న. మా ఫ్రెండ్ నా కాలు తొక్కింది. తాత కోపానికి రాలే కానీ, చూపియ్యకపోవుడుకు బదులు అన్నట్టు కూసొని మొత్తం నోటితోనే తొడిగి చూపించిండు. ముందు ఒంటి నిండ బూడిద. నడుముకు మువ్వల పట్టీ, కాళ్లకు గజ్జెలు. మెడల పూసలు, గింజల దండలు. ఎడమ భుజం మీదికెంచి జింకతోలు, ఇప్పుడైతే మేకతోలు. చేతిల సోట, అంటే కర్ర, గంగారాం సోట అంటరు. పెట్టుడు గడ్డం మీసం. ఆఖర్న తలకు మల్‌బూర, రెండు పక్కల కొమ్ములు. నెమలిని కొట్టుడు కాదు, రాలిన ఈకలే ఏరుకొచ్చి ఏండ్లకేండ్లు జమ చేసి కట్టింది అది, తండ్రి నుంచి కొడుక్కు వస్తది. ఒకసారి తొడిగితే ఆ మనిషి పేరు ఉండదు, వాడు పేన్ మనిషి, పేన్ అంటే దేవుడు, దండారి, అంటే ఆ దీపావళి పండుగ, ఉన్నన్ని రోజులు నీళ్లు పోసుకోడు. వాళ్లతోని పోరిక్‌లు అని ఉంటరు, చీరె కట్టి ఆడవేషం వేసిన మగపిల్లలు, వాళ్లు కూడా ఆట ఆడుతరు. ఊరు ఊరు తిరిగి, గోదావరి ఒడ్డున గుడిరేవుల పద్మల్‌పురి కాకో అనే దేవత కాడికి పోయొచ్చి, అంతా అయినంక కొలబోడి. ఇప్పచెట్టు కింద పూజ చేసి అన్ని విప్పేస్తరు. విప్పినంక ఇగ మళ్ల దీపావళే.

"మరి ఆగస్టు పదిహేనుకు స్టేజీల మీద వేస్తరు కదా తాతా" అని అడిగిన, అడగకుండ ఉండలేకపోయిన. 1981ల కనకరాజు గారి జట్టు ఢిల్లీల రిపబ్లిక్ డేకు ఆడింది, అందరికి తెల్సిన సంగతే. తాత జరసేపు ఊకున్నడు. తర్వాత ఈసారి పత్తి రేటు ఎంతున్నదో వరంగల్ మార్కెట్ల అని అడిగిండు. నాకు తెల్వదు. ఎనుమాముల మార్కెట్ మా ఇంటికి దగ్గర్నే ఉన్నది, రేటు తెల్వదు అంటే ఆయనకు నమ్మకం కలగలే.

సాయంత్రం కెరమెరి ఘాట్ దిగి జోడేఘాట్ పోయినం. భీం విగ్రహం, మ్యూజియం ఉన్నయ్. లోపల బొమ్మలకు బట్టలు కట్టిండ్రు, నగలు పెట్టిండ్రు, డోలు, పెప్రె, కాలికోమ్ వాయిద్యాలు పెట్టిండ్రు. పొద్దున తాత నోటితోని తొడిగింది విన్నంక అద్దం వెనక నిలబడ్డ బొమ్మను చూస్తే ఏందో దుకాణంల నిలబెట్టిన బొమ్మ లెక్కనే కనపడ్డది. మ్యూజియం తప్పు కాదు అది, పిల్లలు చూసి నేర్చుకోవాలె కదా. నేను పొద్దున ఊరికి పోకుండ ముందు ఇక్కడికి వస్తే బహుశ మస్తు మెచ్చుకుందును.

మూడో రోజు, ఆదివారం, అమావాస్య

మధ్యాహ్నం ఇంద్రవెల్లి మీదుగ ముత్నూర్, అక్కడ్నుంచి లోపలికి కేస్లాపూర్. తొవ్వల ఇంద్రవెల్లి స్తూపం కాడ ఆగినం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి రోజు. రైతుకూలీ సంఘం మీటింగుకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు. సర్కారు లెక్క 13 మంది, ఇక్కడోళ్లు అంతకు ఎన్నో రెట్లు చెప్తరు. ఎవరు మీటింగుకు వచ్చిండ్రో, ఎవరు ఉప్పుకు, బట్టకు అంగడికి వచ్చిండ్రో ఆ రోజు ఎట్ల తెలుస్తది? అందరికి అదే ధోతి, అదే రుమాలు. ఎక్కువసేపు నిలబడలే అక్కడ.

కేస్లాపూర్ మర్రిచెట్లు చూడాలె. ఒక్కో చెట్టు కింద ఒక ఊరున్నట్టు, ఎడ్లబండ్లు, మధ్యల పొయ్యిలు. మెస్రం వంశంల 22 కితలు, అంటే శాఖలు, ఉన్నయట, 22 పొయ్యిల మీదనే వంట, ఎంతమంది వచ్చినా అంతే. సిరికొండ కుమ్మరులు చేసిన కొత్త కుండలు వరుసకు పెట్టి ఉన్నయ్. అంతటా తెలుపు. మగవాళ్లు తెల్లధోతి తెల్లరుమాలు, ఆడవాళ్లు తెల్లకోకలు. దూరం నుంచి మబ్బు దిగినట్టుంటది, దగ్గరికి పోతే మాత్రం నాలాంటిదానికి ఏ ఒక్క తెలుపు ఇంకో తెలుపు లెక్క కనపడలే. ఒకటి నీలి మందు ఎక్కువైన తెలుపు, ఒకటి కోరా తెలుపు, ఒకటి ఏండ్ల కిందటిది ఉతికి ఉతికి గోధుమ రంగుకు తిరిగిన తెలుపు, ఒకటి పాలిస్టర్ మెరుపు. మెజారిటీ పవర్‌లూమే, అంచు పట్టుకొని చూడకుండనే చెప్పొచ్చు.

ఒక అవ్వ పొయ్యి కాడ కూసొని ఉన్నది. ఆమె కోక మాత్రం మెత్తటి నూలుది, తొమ్మిది గజాలది, ఇప్పుడు అంత పొడుగు బట్ట దొరుకుడే కష్టం. చేతుల నిండ, మెడ కింద దాకా పచ్చబొట్లు. మా ఫ్రెండ్ గోండిల ఏదో అన్నది, అవ్వ జరిగి చోటిచ్చింది. పచ్చబొట్లు ఎవరు పొడిచిండ్రు అవ్వా అంటే తోటి ఆడవాళ్లు అన్నది. తోటి అనేది వీళ్ల కథలు పాడే ఒక చిన్న తెగ, పచ్చబొట్టు పని వాళ్లదే. "ఎండి అమ్ముకోవచ్చు, దొంగలు ఎత్తుకపోవచ్చు, ఇది నాతోనే వస్తది" అని ముంజేయి చూపించింది. మరి ఎండి ఏదీ అంటే నవ్వింది, మనుమని చదువుకు పోయిందట. మెడల రూపాయి బిళ్లల దండ ఒకటి మాత్రం మిగిలింది, దాన్ని కోక కొంగు కింద దాచుకున్నది.

కోక ఎట్ల కడుతవో నేర్పుతవా అన్న. అవ్వ నా పంజాబీ డ్రెస్సు దిక్కు చూసి గోండిల ఏదో అంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా పగలబడి నవ్విండ్రు. ఏమన్నదే అని మా ఫ్రెండ్‌ను అడిగితే చెప్పలే, ఇప్పటికి చెప్పలే. బండికి అటుపక్క చీరె అడ్డం కట్టి లోపలికి తీసుకపోయింది.

లంగా ఇప్పమన్నది. లంగా ఉంటే ఈ కట్టు కుదరదు. నడుముకు బిగించి ముడి వేసి, ముందట కుచ్చిళ్లు పోసి, ఆ కుచ్చిళ్ల నడిమి అంచు పట్టుకొని కాళ్ల మధ్యకెంచి వెనక్కి లాగి నడుముల చెక్కింది. కాసె. ఆమె లాగుడుకు నేను పైకి లేచిన. మిగిలింది ఛాతి మీదికెంచి తిప్పి కొంగు. అంచు మడమలకు జానెడు పైన ఉంటది. "నడువు" అన్నది. నడిచిన. "కూసో" అన్నది. గొంతుక్కూర్చున్న, ఏం ఊడలే. "పత్తి ఏరు" అన్నది. ఉత్తగనే వంగి ఏరినట్టు చేసిన, అందరు మళ్ల నవ్విండ్రు. ఐదున్నర మీటర్ల చీరె కట్టుకొని నేను ఏనాడు ఇట్ల కాళ్లు ఆడించలే. ఎక్కడా పిన్ను లేదు, ముడి ఒక్కటే.

మా నాయనమ్మ కూడ గోచి పోసే కట్టేది. నేను చిన్నగున్నప్పుడు ఆమె మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసునేది, కుచ్చిళ్లు కిందికి ఏలాడితే తొక్కుడు చెక్కలకు చుట్టుకుంటయ్ కదా. అమ్మ తరానికి వచ్చేసరికి అది బీదోళ్ల కట్టు అయిపోయింది. నాయనమ్మను ఫోటో తీసిన గుర్తు మాకు ఎవరికి లేదు.

రాత్రి మహాపూజ. గుడి కొత్తది, నల్లరాయితోని మెస్రం వాళ్లే సొంతంగ చందాలు వేసుకొని కట్టుకున్నరు, 2022 చివరికి పూర్తయింది. ఆ జనంల మాకు లోపలి పూజ ఏం కనపడలే, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. పెప్రె, డోలు చప్పుడు విన్నం, గోదావరి నీళ్లతోని అభిషేకం అవుతున్నదంట అని ముందున్నోళ్లు చెప్తే చేతులు జోడించినం. చలికి పండ్లు కొట్టుకుంటున్నయ్.

కానీ భేటింగ్ చూసిన. దీనికోసమే వచ్చినట్టయింది. ఈ వంశంలకు పెండ్లి చేసుకొని వచ్చిన కొత్తకోడలు, పెండ్లయినా సరే, నాగోబా ముందట నిలబడి పరిచయం అయ్యేదాకా ఇంటి దేవుని పనిల చెయ్యి పెట్టొద్దు. అమావాస్య పూజ అయినంక వాళ్లను వరుసకు తెస్తరు. అందరు తెల్లచీరెలు, తలమీదికెంచి మొఖం దాకా కొంగు కప్పి. ముందట పెద్ద ఆడవాళ్లు. ఒకరి వెనక ఒకరు, మొఖాలు కనపడవు, పాదాలు మాత్రం కనపడుతయ్. పారాణి పెట్టిన పాదాలు, చెప్పుల్లేక పగిలిన పాదాలు, ఒకామె కాలివేళ్లకు గోర్లరంగు ఉన్నది, ఇంకొకామె మెట్టెలు కొత్తగ మెరుస్తున్నయ్. ఎవరు డిగ్రీ చదివిందో ఎవరు బడికే పోలేదో ఆ కొంగు కింద తెలుస్తలే. మా దిక్కు పెండ్లిల తెలుపు కట్టరు, తెలుపు అంటే ముండమోసినోళ్లది అనే మాట చిన్నప్పటి సంది విన్న చెవులు నావి, అందుకే గుండె ఒకసారి కలుక్కుమన్నది. పక్కనున్న ఒక అక్కను అడిగిన, తెలుపే ఎందుకు అక్కా అని. "దేవునికి మొదటిసారి కనపడుతున్నం కదా" అన్నది, ఇంకేముంటది అన్నట్టు.

నాలుగో రోజు, సోమవారం

మూడు గంటలు పడుకున్నం, అది కూడా స్కూటీ పక్కన చాపల. పొద్దున కొత్తకోడళ్లు కోనేటికెంచి కుండలతోని నీళ్లు తెస్తుంటే చూసినం, ఆ నీళ్లతోనే మన్ను తడిపి పుట్ట చేస్తరు. రాత్రి కప్పుకున్న కొంగులు ఇప్పుడు నడుములకు బిగించుకున్నరు. రాత్రి గోర్లరంగు పాదాలామె ఎవరో గుర్తుపట్టిన, బీఎడ్ చేస్తున్నదట, మా ఫ్రెండ్‌ను చూసి "నమస్తే టీచర్" అన్నది, చేతినిండ మన్ను.

తర్వాత ఇంద్రవెల్లి అంగడి. సోమవారమే కదా. జాతర రోజులల్ల అంగడి రెండింతలు. మిరపకాయలు, ఎల్లిగడ్డ, పాతఇనుము, సెల్‌ఫోన్ కవర్లు, వాటి నడుమ బట్టల దుకాణాలు, కింద తాటిపత్రి పరిచి కుప్పలు పోసిండ్రు. గోండు పోరగాండ్లు జీన్స్ ప్యాంట్లు కొంటున్నరు, మీదికెంచి కొత్త తెల్లరుమాలు కూడా. జీన్స్ ఒక సంచిల, రుమాలు ఒక సంచిల వేరే వేరే పెట్టించుకున్నడు ఒకడు. మా దిక్కు స్కూల్ల ఫ్యాన్సీ డ్రెస్సుకు గిరిజన వేషం అంటే అద్దాలు కుట్టిన లంబాడీ లంగా తొడిగిచ్చి పంపుతరు, తెగ ఏదైనా సరే. ఇక్కడ నిలబడి చూస్తే పర్ధాన్లు, కోలాంలు, గోండులు, అంధ్‌లు అందరు ఒకే కుప్పల కొంటున్నరు, ఎవరు ఎవరో కట్టిన తీరు చూసినంక, పలకరించినంక తెలుస్తది, బట్టను బట్టి కాదు.

తొమ్మిది గజాల తెల్లకోక ఉన్నదా అని అడిగిన. నాలుగు దుకాణాలు తిరిగినంక ఒకాయన కింది మూటల్నుంచి తీసిండు. ఐదు వందల యాభై అన్నడు, నాలుగు వందల ఎనభైకి ఇచ్చిండు. అంచు ఎర్రగ సన్నగ ఉన్నది. వేళ్ల నడుమ రుద్ది చూసిన, గంజి పొడి రాలింది. అంచు పక్కన సూది గుచ్చినట్టు సన్న రంధ్రాలు ఉన్నయా అని ఎండకు పెట్టి చూసిన, లేవు. చేనేత కాదు. దుకాణపాయన "ఎందుకక్కా అట్ల చూస్తున్నవ్, నోటు చూసినట్టు" అన్నడు. "మాది కొత్తవాడ" అన్న. ఆయనకు అర్థమైంది. "అయితే మీకెందుకు అమ్ముతున్న నేను" అని తనే నవ్విండు, కోక వార్ధా దిక్కు నుంచి వచ్చిందని చెప్పిండు.

మళ్ల కేస్లాపూర్ పోయి అవ్వకు చూపించిన. ఆమె విప్పి పొడుగు కొలిచింది, ముక్కు కాడికెంచి చాచిన చేతికొస దాకా ఒక గజం, అట్ల తొమ్మిది సార్లు. ఎనిమిదిన్నరే వచ్చింది. "మోసపోయినవ్ బాయి" అన్నది సంతోషంగ. వెనక్కి ఇస్తనంటే వద్దన్నది, సన్నగున్నవ్ గదా నీకు సరిపోతది అన్నది. పోయేముందు బండి మీద పరిచిన ఒక షత్రంజీ కనపడ్డది, పాతది, రంగు వెలిసింది, కానీ ఆ మెట్ల మెట్ల డిజైన్ మా వాడలది. అంచు తిరగేసి చూసిన. మాదే. మా ఇంటిది అని కాదు, మా వాడది. ఎక్కడ కొన్నరు అవ్వా అంటే ఆమెకు యాది లేదు, పెనిమిటి ఉన్నప్పుడు ఎప్పుడో కరీంనగర్ కెంచి తెచ్చిండట.

ఐదో రోజు, మంగళవారం

ఉట్నూర్ నుంచి పొద్దున బస్సు. నిద్రే. కరీంనగర్ల బస్సు మారుడు కూడ సరిగ గుర్తు లేదు. ఇల్లు చేరేసరికి నాయన మగ్గం మీద ఉన్నడు.

కోక తీసి ఇచ్చిన. నాయన కండ్లద్దాలు పెట్టుకొని పడుగు పోగులు లెక్కపెట్టిండు, పేక లాగి చూసిండు. "మరమగ్గం" అన్నడు. ఎనిమిదిన్నర గజాలకు నాలుగు వందల ఎనభై ఎందుకు పెట్టినవ్ అన్నడు. అమ్మ అందుకొని నడుముకు చుట్టుకొని చూసుకున్నది, కుచ్చిళ్లు పోసి, కాళ్ల మధ్యకెంచి వెనక్కి లాగబోయి, నాయన చూస్తున్నడని ఆగింది.

బండి మీద షత్రంజీ ఫోటో చూపించిన. నాయన ఫోన్ గుంజుకొని పెద్దగ చేసి చాలసేపు చూసిండు.

"ఇది ఇరవై ఏండ్ల కిందటి నేత" అన్నడు. "కింద వేసుకున్నరా, మీద వేసుకున్నరా?"

"కింద. అవ్వ దాని మీద కూసున్నది."

"ఇంకా చిరగలే" అన్నడు, మళ్ల మగ్గం గుంటల కాళ్లు పెట్టిండు.